ట్రాలీకి రంగు వేసే ముందు

నాయనా, మన సోమల పక్క ట్రాక్టర్ ట్రాలీ పడే పాట్లు ఎప్పుడైనా గమనించావా? ఎండాకాలమంతా పేడదిబ్బలు ఎత్తి చేలకు తోలుతుంది. తర్వాత ఎరువుల మూటలు. ఆ వెనకే మదనపల్లె మార్కెట్టుకు టమాటా క్రేట్లు. చితికిన కాయల పులుపు నీళ్లు రేకు సందుల్లోకి దిగుతాయి. పేడలో గంజు తాలూకు లవణాలు ఉంటాయి. మనం చల్లే పొటాష్ ఉందే, అది పొటాషియం క్లోరైడ్, సముద్రపు ఉప్పుకు దగ్గరి చుట్టం. పడవల్ని ఉప్పునీళ్లలోకి దింపే బండ్లను సముద్రం ఎట్లా తినేస్తుందో, సముద్రానికి ఇంత దూరాన ఉన్న మన ట్రాలీని ఈ ఉప్పులు అట్లాగే తింటాయి.

ఇనుము తుప్పు పట్టాలంటే గాలీ నీరూ రెండూ కావాలి. ఆ నీళ్లలో ఉప్పు కలిసిందా, పని చురుగ్గా సాగుతుంది. ఎందుకంటే తుప్పు పట్టడమంటే లోహంలో సన్నగా కరెంటు పారడమే. ఉప్పునీరు ఆ కరెంటుకు మంచి దారి.

ఇంట్లోనే చూడొచ్చు. ఇనుప రేకుముక్కను ఉప్పుకాగితంతో తళతళలాడేదాకా రుద్ది, మీద ఒక ఉప్పునీటి బొట్టు పెట్టు. కదిలించొద్దు. కొంతసేపటికి ఎర్రటి తుప్పు వలయంలా కడుతుంది. తుడిచి చూస్తే, ఇనుము తరిగింది మాత్రం బొట్టు నడిమధ్యన! అంచున గాలి అందుతుంది, నడుమ సరిగా అందదు. గాలి అందని చోట ఇనుము కరుగుతుంది. కరిగింది అంచువైపు పోయి, గాలి తగిలిన చోట తుప్పుగా పేరుకుంటుంది. 1920లలో కేంబ్రిడ్జిలో యూలిక్ ఎవాన్స్ అనే శాస్త్రవేత్త ఈ బొట్టుతోనే లోకానికి ఆ సంగతి విప్పి చెప్పాడు.

ఇది తెలిస్తే ట్రాలీని చూసే చూపే మారుతుంది. తుప్పు కనబడే చోటు వేరు, ఇనుము పోయే చోటు వేరు. రేకు, దాని కింది అడ్డపట్టీ కలిసే సందు, మట్టి పేరుకున్న మూల, అతుకు వెనక భాగం... గాలి సరిగా ఆడని ఈ చోట్లే ముందు పోతాయి. సుత్తితో తట్టి చూడు. ఖంగుమంటే గట్టిగా ఉన్నట్టు. మొద్దుగా పలికితే లోపల పొరలు విడిపోయినట్టు.

తుప్పు మీదే రంగు పూస్తే పెచ్చులూడే గోడకు సున్నం కొట్టినట్టే. పైగా తుప్పు తాను తిన్న ఇనుము కంటే రెండింతలకు మించి చోటు ఆక్రమిస్తుంది. కిందినుంచి ఉబ్బి రంగును ఎత్తేస్తుంది.

అందుకే ముందు మంచినీళ్లతో బాగా కడుగు. ఉప్పు పోయేది నీళ్లతోనే, బ్రష్షుతో కాదు. ఆరాక పెచ్చులు కొట్టేసి, వైర్ బ్రష్, ఉప్పుకాగితం పట్టు. పాత రంగులో సీసం ఉండొచ్చు, ముక్కూ నోరూ కప్పుకో, చిన్నపిల్లల్ని దగ్గరికి రానీయకు. థిన్నర్ గుడ్డతో జిడ్డు తుడిచి, ఆ రోజే ప్రైమర్ వేసెయ్. రుద్దిన ఇనుమును రాత్రి మంచుకు వదిలితే తెల్లారేసరికి మళ్లీ ఎర్రబడుతుంది. అంచుల మీద రంగు పల్చబడి జారిపోతుంది కాబట్టి అంచులకూ అతుకులకూ ముందుగా ఒక చెయ్యి ఎక్కువ వేసి, తర్వాతే మొత్తానికి పూయాలి.

రెడ్ ఆక్సైడ్ ప్రైమర్‌లో ఆ ఎరుపు ఏమిటనుకున్నావు? తుప్పులాగే అదీ ఇనుప ఆక్సైడే! మన ఎర్రనేలకు రంగిచ్చేదీ అదే. కాకపోతే తుప్పులో నీరు కలిసి ఉంటుంది, గుల్లగా ఉంటుంది, తడి లోపలికి పోతూనే ఉంటుంది. ప్రైమర్‌లోని పొడి ఇక మార్పు చెందదు. జిగురులో ఒత్తుగా అమరి తడికి అడ్డం నిలుస్తుంది. అది ఆరాక పైన రెండు పూతల ఎనామిల్ పడితేనే పని పూర్తయినట్టు.

ఒక్కటి మాత్రం మరవొద్దు. రంగు తుప్పును నెమ్మదింపజేస్తుందేగానీ పోయిన ఇనుమును తిరిగి ఇవ్వదు. ట్రాక్టరుకు తగిలించే కొక్కెం దగ్గరో, ఇరుసు దగ్గరో గుంటలు లోతుగా పడితే డబ్బా మూత తీయకముందే వెల్డరుకు చూపించు. జాతరకు మనుషులు ఎక్కేదీ ఆ ట్రాలీయే.