శిక్ష కాదు... శిక్షణ!

బైబిలు దేవుడి మాట అన్నది క్రైస్తవుల విశ్వాసం. మరి ఆ మాట దేనికోసం? పూజించడానికా, పాటించడానికా? జైలు నుంచి వెళ్లిన ఓ పాత ఉత్తరంలో ఉంది జవాబు.

డిసెంబరు 31 అర్ధరాత్రి ఆరాధన ముగియగానే చాలా తెలుగు చర్చిల్లో అందరూ వరసకట్టి ఒక్కో కార్డు తీసుకుంటారు. దానిమీద బైబిలులోని ఒక వాగ్దానం ఉంటుంది. ఏడాది పొడవునా అది గోడమీదో పర్సులోనో భద్రంగా ఉంటుంది. జ్వరంతో మూలుగుతున్న పిల్లాడి తలగడ కింద బైబిలు పెట్టే తల్లులూ ఉన్నారు. ఆ పుస్తకం మీద గురి అలాంటిది.

కానీ ఒక్కమాట. పనివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దనే ఆజ్ఞా బైబిలులోనే ఉంది. ముందు సోదరుడితో సమాధానపడి ఆ తర్వాతే కానుక అర్పించమనే బోధా ఉంది. కొత్త సంవత్సరం కార్డు మీద అలాంటివి వస్తే ఎంతమంది గోడకు అంటిస్తారు?

ఊపిరి ఊదిన మాట

అపొస్తలుడైన పౌలు రోమ్ జైల్లో ఉండగా తిమోతి అనే యువ సేవకుడికి ఉత్తరం రాశాడని క్రైస్తవ సంప్రదాయం. లేఖనాలు దైవావేశం వల్ల కలిగాయని అందులో అంటాడు. అక్కడ వాడిన గ్రీకు పదానికి 'దేవుడు ఊపిరి ఊదిన' అని అర్థం. అంటే మాట మనిషి నోటిదే అయినా దాని ప్రాణం దేవుడిది అన్నమాట.

ప్రొటెస్టెంట్ల బైబిలులో 66 పుస్తకాలు, క్యాథలిక్కుల బైబిలులో 73. గొర్రెలు కాసి రాజైన దావీదు, చేపలు పట్టే పేతురు, పన్నులు వసూలు చేసే మత్తయి, వైద్యుడు లూకా... వీళ్లంతా ఇందులోని రచయితలని సంప్రదాయం. ఒకరి శైలి మరొకరికి రాదు. దేవుడు వాళ్లచేత డిక్టేషన్ రాయించలేదు, వాళ్ల భాషలోంచీ బతుకులోంచే మాట్లాడాడు అన్నది చాలా సంఘాలు చెప్పే వివరణ.

నాలుగు పనులు

పౌలు అంతటితో ఆగలేదు. లేఖనం ఎక్కడినుంచి వచ్చిందో చెప్పిన వాక్యంలోనే ఎందుకు వచ్చిందో కూడా చెప్పాడు. నేర్పడం, తప్పు ఎత్తిచూపడం, దాన్ని సరిదిద్దడం, నీతిలో 'శిక్ష' చేయడం. పాత తెలుగు అనువాదంలోని ఆ చివరి మాట దగ్గర ఇప్పటి పాఠకులు కాస్త తడబడతారు. శిక్ష అనగానే మనకు జైలూ జరిమానాలే గుర్తొస్తాయి. నిజానికి ఆ మాటకు నేర్పడం, తర్ఫీదు ఇవ్వడం అనే అర్థాలున్నాయి. వేదాంగాల్లో ఒకదాని పేరే శిక్ష. 'శిక్షణ' అన్నదీ ఆ కుదురు నుంచి వచ్చిందే. గ్రీకు మూలంలో ఉన్నది పిల్లల్ని పెంచి తీర్చిదిద్దడాన్ని చెప్పే మాట.

ఓ కిరాణా కొట్టునే తీసుకుందాం. దొంగత్రాసు దేవుడికి అసహ్యమని సామెతల గ్రంథం చెబుతుంది. అది తెలుసుకోవడం నేర్పు. 'మా కొట్లో తూకం సరిగ్గా ఉందా' అని గుండె గుచ్చుకోవడం ఎత్తిచూపడం. తప్పుడు రాయి తీసి పారేయడం దిద్దుబాటు. ఎవరూ చూడకపోయినా రోజూ సరిగ్గా తూచడం అలవాటు కావడమే శిక్షణ!

అవ్వ దగ్గరే ఓనమాలు

తిమోతికి చిన్నప్పటినుంచీ లేఖనాలు తెలుసనీ ఆ ఉత్తరంలోనే ఉంది. అవ్వ లోయి, తల్లి యునీకేల విశ్వాసాన్ని పౌలు పేరుపేరునా తలుచుకుంటాడు. అప్పటికి లేఖనాలంటే పాత నిబంధనే. ఇప్పటికీ ఆ బడి ఇంట్లోనే మొదలవుతుంది. రాత్రి కుటుంబ ప్రార్థన, ఆదివారం సండేస్కూల్లో కంఠత వాక్యం, వేసవి సెలవుల్లో వీబీఎస్. చదువు రాని పెద్దలకు ఇప్పుడు ఫోన్లో ఆడియో బైబిలు ఉంది.

ఈ మాట తెలుగింటికి చేరడం వెనక కష్టం తక్కువది కాదు. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం వచ్చారు. తెలుగు నేర్చుకుని ఆనందరాయర్ సాయంతో సువార్తల అనువాదానికి దిగారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో కన్నుమూశారు. వాళ్ల శ్రమ శ్రీరాంపూర్‌లో అచ్చయింది ఆ తర్వాతే. పుస్తకాన్ని కళ్లారా చూసుకునే భాగ్యం ఇద్దరికీ దక్కలేదు.

సాతానుకూ వచ్చు!

వాక్యం నోటికి వస్తే చాలా? చాలదంటుంది బైబిలే. అరణ్యంలో యేసును శోధించినప్పుడు సాతాను కూడా కీర్తనల్లోంచి వాక్యం వల్లించాడు. యేసు మూడుసార్లూ ద్వితీయోపదేశకాండంలోని మాటలతోనే జవాబిచ్చాడు. పుస్తకం ఇద్దరికీ తెలుసు. ఒకరు దాన్ని ఎదుటివారిని పడగొట్టడానికి వాడితే, మరొకరు తాను దానికి లోబడ్డారు.

తేడా అక్కడే ఉంది. కోడలికి అత్త, అత్తకు కోడలు, విశ్వాసులకు పాస్టరు, పాస్టరుకు విశ్వాసులు వాక్యం చూపించడం తేలిక. యాకోబు పత్రిక మాత్రం దాన్ని అద్దంతో పోల్చింది. విని పాటించనివాడు అద్దంలో ముఖం చూసుకుని వెంటనే మరిచిపోయేవాడి లాంటివాడట. అద్దాన్ని ఎదుటివారి వైపు తిప్పి పట్టుకుంటే మన ముఖం మీది మరక మనకు కనిపించదు. ముందు మనవైపు తిప్పుకోవాలి. ఊపిరి ఊదిన మాటకు అసలు పని అప్పుడే మొదలవుతుంది.