పొట్టి మెడ పాత బేస్ గిటారు

అమ్మలూ, సెకండ్‌హ్యాండ్‌లో పాత షార్ట్ స్కేల్ బేస్ గిటారు కొంటానంటున్నావు గదా, చూడ్డానికి వెళ్ళేటప్పుడు సంచిలో ఒక టేపు వేసుకెళ్ళు. ఏ కంపెనీది, ఎవరు వాయించారు అన్నవి తర్వాత చూద్దాం. ముందు తీగ పొడవెంతో తేల్చుకో. మెడ చివర తీగలు ఆనుకునే నట్ నుంచి 12వ మెట్టు దాకా కొలిచి రెట్టింపు చెయ్యి. అదే స్కేలు. మెట్లంటే మీ ఫ్రెట్లేలే. 12వ మెట్టు తీగకి నడిమధ్యన ఉంటుంది కాబట్టి ఈ లెక్క.

లియో ఫెండర్ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేస్ స్కేలు 34 అంగుళాలు. తర్వాత అదే అందరికీ కొలమానమైంది. 30 అంగుళాల చుట్టుపక్కల ఉంటే షార్ట్ స్కేల్ అంటారు. నాలుగంగుళాలకి ఏమొస్తుందిలే అనుకోకు. మొదటి మెట్టు నుంచి నాలుగో మెట్టు దాకా వేళ్ళు చాచాలంటే 34 అంగుళాల మెడ మీద 13 సెంటీమీటర్లు కావాలి, 30 మీద పదకొండున్నర చాలు. నీ చేతికి ఆ ఒకటిన్నరే వరం.

వరమన్నాక దానికో షరతూ ఉంటుంది. ఒకే తీగని ఒకే శ్రుతికి బిగించినప్పుడు బిగువు పొడవు వర్గాన్ని బట్టి మారుతుంది. 30ని 34తో భాగించి వర్గం చేస్తే 0.78. అంటే బిగువు 22 శాతం తగ్గిందన్నమాట. తీగ వేలికి మెత్తగా తగులుతుంది, లాగితే సాగుతుంది. కానీ గట్టిగా నొక్కావంటే శ్రుతి పైకి జారుతుంది, ఎందుకంటే బిగువు తక్కువైన చోట కాస్త సాగినా తేడా ఎక్కువగా వినిపిస్తుంది. నీ పిడికిలి బలం నాకు తెలుసు, అందుకే ముందే చెబుతున్నాను.

ఇంకో తమాషా ఉంది. అన్నిటికన్నా లావు తీగ సెకనుకి 41 సార్లు ఊగాలి. దాంతోపాటు రెండింతలు, మూడింతలు వేగంతో ఊగే హార్మోనిక్స్ కూడా పలుకుతాయి. తీగ లావుగా, పొట్టిగా, వదులుగా ఉంటే అది కొంతవరకు ఇనపకడ్డీలా బిర్రుగా ఊగుతుంది. అప్పుడు ఆ పైస్వరాలు లెక్కకంటే కాస్త హెచ్చుగా పడతాయి, ధ్వని గుమ్మని మొద్దుగా వస్తుంది. దీన్ని లోపమంటారు కొందరు. 1960ల పాటలు సగం ఆ లోపంతోనే అందంగా ఉన్నాయని నా అభిప్రాయం.

బీటిల్స్ బృందంలోని పాల్ మెకార్ట్నీ 1961లో హాంబర్గ్‌లో కొన్న వయొలిన్ ఆకారం హోఫ్నర్‌నే చూడు. ఆ మోడల్ 1956లో జర్మనీలో వచ్చింది. లోపల బోలు, చెక్క పలచన, అందుకే చేతికి తేలిక. మెకార్ట్నీది ఎడంచేతి వాటం. రెండు వైపులా ఒకేలా ఉండే గిటారు తిప్పి పట్టుకున్నా వికారంగా ఉండదని అది నచ్చిందట. 1972లో పోయిన ఆ గిటారు తిరిగి దొరికిందని 2024లో ప్రకటించారు. తీగల రెండో కొస ఆనుకునే బ్రిడ్జి హోఫ్నర్‌లో చెక్కది. దాన్ని తీగల ఒత్తిడే నిలబెడుతుంది, కాబట్టి ఎవరో పక్కకి జరిపి ఉండొచ్చు. 12వ మెట్టు మీద వేలు తాకీ తాకకుండా పెట్టి ఒకసారి, నొక్కి ఒకసారి వాయించు. రెండూ ఒకే స్వరం పలకాలి. తేడా ఉంటే బ్రిడ్జిని జరిపి సర్దుకోవచ్చు, అది పెద్ద రోగం కాదు.

గిబ్సన్ ఈబీ-0 కథ వేరు. 1959లో వచ్చింది, స్కేలు 30.5 అంగుళాలు. తీగ ఊపుని కరెంటుగా మార్చే దాని లావుపాటి పికప్ మెడ పక్కనే ఉంటుంది. అక్కడ తీగ మూలస్వరంతో బాగా ఊగుతుంది. బ్రిడ్జి వైపు వచ్చేకొద్దీ పైస్వరాల వాటా పెరుగుతుంది. అందుకే ఈబీ-0 ధ్వని బురదగా ఉంటుంది, వాయించేవాళ్ళు ఆ పికప్‌ని మడ్‌బకర్ అనే పిలుస్తారు. 1961 నాటి ఈబీ-3లో బ్రిడ్జి దగ్గర ఇంకో చిన్న పికప్ పెట్టారు. క్రీమ్ బృందంలో జాక్ బ్రూస్ వాయించింది అదే. ఏది చూసినా గిబ్సన్ తలకట్టు వెనక్కి తిప్పి లైటు వేసి చూడు. అక్కడ తల వెనక్కి వాలి ఉంటుంది, చెక్క నారలు అడ్డంగా తెగుతాయి. వెల్లకిలా పడితే విరిగేది అక్కడే. బాగా అతికితే వాయించుకోవడానికి ఇబ్బంది లేదు కానీ ధర బాగా పడిపోతుంది, బేరం ఆ లెక్కన చెయ్యి.

ఫెండర్ మస్టాంగ్ 1966లో వచ్చింది, 30 అంగుళాలు. పికప్ రెండు ముక్కలు కాబట్టి కరెంటు రొద తక్కువ. తీగలు ఒంటి వెనకనుంచి వస్తాయి, మామూలు షార్ట్ స్కేల్ తీగలు చాలకపోవచ్చు. కొత్తవి కొనేముందు నట్ నుంచి ఒంటి వెనకదాకా దూరం కొలుచుకో.

మెడ సంగతి మాత్రం ఏ గిటారుకైనా ఒకటే. నాలుగు తీగలూ కలిసి సుమారు 60 కిలోల బలంతో దాన్ని దశాబ్దాలుగా లాగుతున్నాయి. తల వైపు నుంచి కన్ను పెట్టి చూడు. కొద్దిగా ముందుకి వంగితే లోపలి ట్రస్ రాడ్ అనే కడ్డీని తిప్పి సరిచెయ్యొచ్చు. మెలి తిరిగిందంటే వదిలెయ్. ట్రస్ రాడ్ నట్ ఇంకా తిరుగుతుందా, చివరిదాకా బిగించేశారా అన్నది కూడా అడుగు.

మీటరు ఉంటే పట్టుకెళ్ళు. వాల్యూమ్ పూర్తిగా పెట్టి, కేబుల్ రెండో చివర ఓంలు చూడు. కొన్ని వేలు వస్తే పికప్ బతికున్నట్టే, మడ్‌బకర్‌కి 30 వేలదాకా రావచ్చు. రెండు లక్షలు దాటితే అనుమానించు. పికప్ చుట్టలోని వెంట్రుకలాంటి తీగ లోపల తెగి, నువ్వు చూస్తున్నది వాల్యూమ్ గుండీ కిందుండే పాట్ విలువే కావచ్చు. అమ్మేవాడు ఒప్పుకుంటే మూత తీయించి ఆ పాట్ వీపు చూడు. అమెరికన్ గిటార్లలో 1376632 లాంటి అంకె ఉంటుంది. 137 అంటే సీటీఎస్ కంపెనీ, తర్వాతిది 1966వ సంవత్సరం 32వ వారం. పాట్ మార్చకపోయి ఉంటే గిటారు అంతకన్నా పాతది కాదు.

వేరే దేశం నుంచి ఇంటికి తెచ్చే ఆలోచన ఉంటే మెడ మీది చెక్క బ్రెజిల్ రోజ్‌వుడ్డేమో కనుక్కో. 1992 నుంచి ఆ చెట్టు వ్యాపారం మీద అంతర్జాతీయ ఆంక్షలున్నాయి, సరిహద్దు దాటించే ముందే అనుమతుల సంగతి చూసుకోవాలి.

నన్నడిగితే మెడ నిటారుగా ఉన్న మస్టాంగ్ తీసుకో. బురద ధ్వనే కావాలనుకుంటే ఈబీ-0. హోఫ్నర్‌కి మాత్రం పేరుకోసం ఎక్కువ ఇవ్వకు.