పావురాన్ని సంపుడు కాదు, సజ్జను ఏటవాలు చెయ్యాలె

మా దిక్కు ఒక సర్కారు బడి ఉన్నది. కిటికీల మీది సజ్జలన్నీ పావురాల రెట్టతోని తెల్లగైనయి. ఆ సజ్జల కిందనే పిల్లలు మధ్యాహ్నం బువ్వ తింటరు. పొద్దుగాల ఊడ్సే అక్క ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని, ఎండిన రెట్టను చీపురుతోని రాలగొడ్తది. నేను పోయిన దినం దగ్గుకుంటనే ఊడుస్తున్నది. పక్కన నిలవడ్డ పిలగాడు "మందు పెట్టి సంపుదమే అన్నా" అన్నడు. అందుకే ఇది రాస్తున్న.

ముందుగాల పావురం ఎందుకొస్తదో తెల్వాలె. దాని తాతముత్తాతలు కొండల రాతి సందులల్ల గూడు పెట్టిన పక్షులు. మనం కట్టిన సజ్జ, వెంటిలేటర్ దానికి కొండ లెక్కనే కనవడ్తయి. ఒక్కపారి రెండు గుడ్లు పెడ్తది. ఇంచుమించు 18 దినాలకు పిల్లలైతయి, ఇంకో నెలకు ఎగుర్తయి. తిండి దొరికితే ఏడాది పొడుగున ఇదే పని. పదింటిని సంపినా జాగ అట్లనే ఉంటది, ఇంకో పది వస్తయి. పైంగ ఆ మందుకు కుక్కలు, పిల్లులు, గుడ్లగూబలు గూడ బలైతయి.

మరి ఏం జెయ్యాలె? కూసునే జాగనే లేకుంట చెయ్యాలె. సజ్జ మీద చెక్కనో రేకునో ఏటవాలుగ బిగియ్యాలె, లేకుంటే సిమెంటుతోని వాలు పొయ్యాలె. వాలు 45 డిగ్రీలకు తక్కువుంటే లాభం లేదు. కాలు జారితే పావురం ఆడ ఆగది. వెంటిలేటర్లకు, వరండాకు వల కట్టాలె. రెండించుల కన్ను సాలు, పిచ్చుకలుంటే ముప్పావు ఇంచు కావాలె. వల బిర్రుగ గుంజి కట్టాలె, వదులుగుంటే పక్షులు చిక్కి సస్తయి. మూసే ముందు గుడ్లు, పిల్లలు ఉన్నయా సూడుండ్రి. ఉంటే పిల్లలు ఎగిరిపొయ్యేదాంక ఆగుండ్రి. ప్లాస్టిక్ గుడ్లగూబను, మెరిసే సీడీలను నమ్ముకోకుండ్రి. కొన్ని దినాలైతే పావురం వాటి పక్కనే కూసుంటది.

తిండి గూడ బంద్ కావాలె. మిగిలిన అన్నం ఆరుబయట పారబోస్తే పిలిచి కూసోవెట్టినట్టే. ముంబైల దాదర్ కబూతర్‌ఖానా మీద 2025ల ఎంత లొల్లి అయిందో సూసినం. గింజలేసుడు పుణ్యమని కొందరు, రోగమని కొందరు కొట్లాడిండ్రు. కోర్టుదాంక పోయింది.

రోగం ముచ్చట ఉత్తది కాదు. ఎండిన రెట్టల బూజు పెరుగుతది. ఆ దుమ్ము ఏండ్లకొద్ది పీలిస్తే ఊపిరితిత్తులు గట్టివడి, మళ్ల బాగుగాకుంట పాడయ్యే ప్రమాదమున్నది. కాబట్టి పొడి రెట్టను ఎప్పుడూ ఊడ్వద్దు. నీళ్లు సల్లి నాననియ్యాలె, మెల్లగ గీకాలె, సంచిల మూట గట్టాలె. చేతులకు గ్లౌజులు, ముక్కుకు మంచి మాస్కు ఉండాలె. కొంగు మాస్కు కాదు.

ఇప్పుడు అసలు మాట. సజ్జ గీసింది ఇంజినీరు, బిల్లు ఎత్తింది కాంట్రాక్టరు, గింజలేసింది పుణ్యాత్ములు. దుమ్ము మింగేది మాత్రం తక్కువ జీతానికి ఊడ్సే అక్క. తమ్మీ, చెల్లె, మీ ఊరి బడికి, దవాఖానకు పోయి సజ్జలు సూడుండ్రి. ఫోటో తీసి బడి కమిటీకి, పంచాయతీకి దరఖాస్తు పెట్టుండ్రి. అండ్ల మొదటి వరుసల వల అని రాయకుండ్రి. ఊడ్సే అక్కకు మాస్కు అని రాయుండ్రి.