పాత స్పాంజి పారేయొద్దు!

అత్తిలి నుంచి కొల్లేరు దాకా చేపల చెరువులున్న ఊళ్లలో అమ్మోనియా గురించి విడమరచి చెప్పక్కర్లేదు. మేత మిగిలి అడుగున కుళ్లితే ఏమవుతుందో రైతులకు తెలుసు. ముందుగదిలోని అక్వేరియం దగ్గరికొచ్చేసరికే ఆ సంగతి గుర్తురాదు!

మూతలోనో వెనక అరలోనో ఫిల్టరు బిగించి వచ్చే తొట్లు ముచ్చటగానే ఉంటాయి. చేపలు పెరిగేకొద్దీ ఆ చిన్న స్పాంజి చాలదు. దాంతో బయట పెట్టే క్యానిస్టర్ ఫిల్టరు కొంటారు. అది బిగించిన రోజే పాతదాన్ని పీకేస్తారు. నీళ్లు అద్దంలా ఉంటాయి... నాలుగు రోజులకు గోల్డ్‌ఫిష్ పైకొచ్చి నోరు తెరుస్తుంది. పిల్లలు బిక్కమొహం వేస్తారు.

తప్పంతా ఆ మురికి స్పాంజిని పారేయడంలోనే ఉంది. చేపలు వదిలే అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, తర్వాత అంతగా హాని చేయని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా కాపురం అందులోనే. ఈ జాతి బ్యాక్టీరియాను 1890లో వేరుచేసి చూపింది రష్యా శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ. కొత్త ఫిల్టర్లో అవి కుదురుకోవడానికి సుమారు 4 నుంచి 6 వారాలు పడుతుంది. అందాకా రెండు ఫిల్టర్లూ నడవాల్సిందే. చోటు లేదంటారా? పాత స్పాంజినే కొత్త డబ్బాలో పెట్టేయండి. కుళాయి కింద మాత్రం కడగొద్దు. క్లోరిన్ ఆ బ్యాక్టీరియాను చంపేస్తుంది. తొట్టిలోంచి తీసిన నీళ్లలో పిండితే చాలు.

ఇక కరెంటు గొడవ. బిగుతుగా మూసిన క్యానిస్టర్ గంటల తరబడి ఆగితే లోపల ఆక్సిజన్ అయిపోయి నీళ్లు కుళ్లుతాయి. కరెంటు రాగానే అవన్నీ తొట్టిలోకే! అందుకే డబ్బా విప్పి, నిల్వనీళ్లు పారబోసి, స్పాంజిని తొట్టినీళ్లలో జాడించాకే స్విచ్ వేయాలి.