ఆలుగడ్డ లోపల నల్లమచ్చ... తెగులు కాదు, దెబ్బ!

ఆలుగడ్డ పైకి బాగానే ఉంటుంది. కోస్తే లోపల నల్లమచ్చ. వ్యాపారి ధర తగ్గిస్తే నష్టపోయేది రైతే. దీన్ని కుళ్లు తెగులని పొరబడొద్దు. గడ్డ కిందపడినా, గట్టిగా తగిలినా లోపలి కణాలు చిట్లుతాయి. కణంలో విడివిడిగా ఉండే టైరోసిన్ అనే పదార్థం, పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ అప్పుడు కలుస్తాయి. దానికి ఆక్సిజన్ తోడై ఒకటి రెండు రోజుల్లో నలుపు తేలుతుంది.

దీన్ని అర్థం చేసుకోవడానికి శాస్త్రవేత్తలు జన్యువు మార్చిన మొక్కలను వాడుతున్నారు. అర్జెంటీనాలో డిజైరీ రకంలో ఈ ఎంజైమ్‌ను తయారుచేసే ఒక జన్యువును పనిచేయకుండా చేశారు. 2020లో వెలువడిన ఫలితాల ప్రకారం అలాంటి గడ్డల్లో ఎంజైమ్ చురుకుదనం 69 శాతం, కోసినప్పుడు రంగు మారడం 73 శాతం వరకు తగ్గాయి. అయితే దీనివల్ల నలుపు తగ్గుతుందే గానీ, కణాలు చిట్లడం ఆగదు.

కాబట్టి దెబ్బ తగలనివ్వకపోవడమే అసలు మందు. తవ్వడానికి 10-15 రోజుల ముందు మొక్కల పైభాగం కోసేస్తే తొక్క గట్టిపడుతుంది. చలికి గడ్డ ఎక్కువ దెబ్బతింటుంది, ఎండెక్కాక తవ్వండి. ఎత్తు నుంచి కుమ్మరించొద్దు. సంచులు విసరొద్దు, వాటిపై నిలబడొద్దు.