ఐదు గ్రాముల కాగితం ఎంత మోస్తుంది?

జిరాక్స్ షాపులో వాడే మామూలు ఏ4 కాగితం బరువు 5 గ్రాములు. ప్యాకెట్టు మీద 80 జీఎస్ఎం అని రాసి ఉంటుంది, అంటే చదరపు మీటరుకు 80 గ్రాములు. చదరపు మీటరులో ఏ4లు 16 పడతాయి. ఆ కాగితాన్ని నిలువుగా నిలబెట్టబోతే తన బరువు తానే ఆపుకోలేక వాలిపోతుంది. దాన్నే గొట్టంలా చుట్టి, అంచు అతికించి, పైన అట్టముక్క వేసి కిలో ఉప్పు ప్యాకెట్టు పెట్టండి. నిలుస్తుంది. సొంత బరువుకు 200 రెట్లు!

కిటుకంతా ఆకారంలో ఉంది. నడిమి గీత నుంచి పదార్థం ఎంత దూరం జరిగితే, వంగకుండా నిలిచే గట్టిదనం ఆ దూరం వర్గం చొప్పున పెరుగుతుంది. పరిచిన కాగితం మందమే 0.1 మిల్లీమీటరు. 21 సెంటీమీటర్ల ఎత్తు గొట్టంగా చుడితే వ్యాసం సుమారు 9.4 సెంటీమీటర్లు. లెక్కకడితే గట్టిదనం 13 లక్షల రెట్లు!

మరి మోసే బరువూ అన్ని రెట్లు పెరగాలి కదా? పెరగదు. గొట్టం వంగేలోపే గోడ నలుగుతుంది. బరువు పెంచుతూ దగ్గరగా చూడండి: అంచు ఎక్కడ ఎగుడుదిగుడుగా ఉందో అక్కడ ముందు చిన్న సొట్ట, దాని పక్కన డైమండు ఆకారంలో మరొకటి, ఆపైన ఒక్కసారిగా కూలడం. అందుకే సన్నగా చుట్టాలి. వ్యాసం 3 సెంటీమీటర్లకు తగ్గిస్తే అదే కాగితం మూడు చుట్లు వస్తుంది, గోడ మందమవుతుంది. మరీ సన్నగా, పొడుగ్గా చేస్తే మళ్లీ మధ్యలో వంగుతుంది. ఆ లెక్క 1744లోనే గణితవేత్త ఆయిలర్ తేల్చాడు: ఎత్తు సగమైతే, వంగకుండా మోసే బరువు నాలుగింతలు.

ఇది పిల్లల ప్రాజెక్టుతో ఆగలేదు. 1995లో జపాన్‌లోని కోబే భూకంపం తర్వాత ఆర్కిటెక్ట్ షిగెరు బాన్ నిరాశ్రయులకు కాగితపు గొట్టాల గోడలతో ఇళ్లు కట్టించాడు. ఆ గొట్టాల వ్యాసం 10.6 సెంటీమీటర్లు, మన ఏ4 గొట్టానికి కాస్త ఎక్కువ. గోడ మందం మాత్రం 4 మిల్లీమీటర్లు, 40 రెట్లు. పునాదికి ఇసుక నింపిన బీరు క్రేట్లు వాడాడు. 2001 భూకంపం తర్వాత భుజ్‌లోనూ ఇలాంటి ఇళ్లు కట్టాడు. మద్యనిషేధం ఉన్న గుజరాత్‌లో బీరు క్రేట్లెక్కడివి? కూలిన ఇళ్ల శిథిలాలనే పునాదిలో వేసి, పైన మట్టితో అలికించాడు. బాన్‌కు 2014లో ఆర్కిటెక్టులకిచ్చే ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది.

ఇంట్లో ప్రయత్నించేవాళ్లు చుట్టేముందు కాగితానికి మడత పడకుండా చూసుకోండి. పొరల మధ్య మైదా జిగురు పలచగా రాసి పూర్తిగా ఆరనివ్వండి, తడి కాగితానికి బలం ఉండదు. అంచులు సమంగా కత్తిరించండి. నాలుగు గొట్టాలు నాలుగు మూలలా నిలిపి, పైన గట్టి అట్ట వేసి, బరువును మధ్యలో పెట్టండి. ఆ బల్ల మీద పుస్తకాలు పేర్చుకోవచ్చు గానీ, పిల్లల్ని మాత్రం ఎక్కనివ్వకండి.