కమాండోలను తయారుచేసిన కోట: అక్నకేరీ కథ

కమాండో అనే మాట సినిమాల్లో, వార్తల్లో తెగ వింటుంటాం కదా. వాళ్ల ట్రైనింగ్ ఒక పద్ధతిలో పడింది ఎక్కడో ఇవాళ చెప్తాను.

1940 జూన్. డన్‌కర్క్ నుంచి బ్రిటిష్ సైన్యం ప్రాణాలతో బయటపడింది గానీ, ఫిరంగులు, బండ్లు ఫ్రాన్స్‌లోనే వదిలేసి వచ్చింది. పెద్ద యుద్ధం చేసే బలం లేదు. అలాగని చేతులు ముడుచుకుని కూర్చోలేరు. చిన్న దళాలతో సముద్రం దాటి, శత్రువు తీరాన్ని దెబ్బకొట్టి రావాలని ప్రధాని చర్చిల్ పట్టుబట్టారు. అలా పుట్టినవే కమాండో దళాలు. ఈ పేరు ఎవరిదో తెలుసా? దక్షిణాఫ్రికాలో అదే బ్రిటిష్ వాళ్లను ముప్పుతిప్పలు పెట్టిన బోయర్లది!

మొదట్లో ఏ దళం ట్రైనింగ్ ఆ దళానిదే. 1942లో స్కాట్లాండ్ కొండల్లో, అక్నకేరీ కోట దగ్గర అందరికీ కలిపి ఒకే సెంటర్ పెట్టారు. దాని అధిపతి లెఫ్టినెంట్ కల్నల్ చార్లెస్ వాన్.

స్పియన్ బ్రిడ్జ్ స్టేషన్‌లో రైలు దిగగానే పరీక్ష మొదలు. సామాను మోసుకుంటూ కోటదాకా సుమారు 11 కిలోమీటర్లు నడవాలి. తీరా అక్కడికి చేరితే, దారి పక్కన వరసగా సమాధులు! ఏ తప్పు చేసి చనిపోయాడో ఒక్కోదాని మీద రాసుంటుంది. అవి ఉత్తుత్తి సమాధులే. హెచ్చరిక మాత్రం నిజం. ఎందుకంటే అక్కడ ప్రాక్టీసులో పేల్చేవి అసలు తూటాలు. ట్రైనింగ్‌లోనే కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు కూడా.

ఇంత ప్రమాదం ఎందుకంటారా? తూటాల చప్పుడు మొదటిసారి శత్రువు తీరంలోనే వింటే, కాళ్లు ఆడవు. ఆ భయం ముందే అలవాటు కావాలి, అదీ లెక్క. 7 మైళ్లు 70 నిమిషాల్లో, ఆయుధాలతో సహా నడిచి తీరాలి. చేతకానివాళ్లకు పెద్ద శిక్షేమీ లేదు, పాత దళానికి వాపస్ పంపేస్తారు. అక్కడివాళ్లకు అన్నిటికన్నా భయం దానికే.

యుద్ధం ముగిసేలోపు సుమారు 25,000 మంది ఇక్కడ శిక్షణ పొందారు. 1942లో అమెరికా రేంజర్లు కూడా వచ్చారు. కానీ నన్ను బాగా కదిలించింది ఫ్రెంచ్ వాళ్ల సంగతి. వాళ్ల దేశం అప్పటికి జర్మనీ చేతిలో ఉంది. ఫిలిప్ కీఫర్ నాయకత్వంలో 177 మంది ఫ్రెంచ్ కమాండోలు 1944 జూన్ 6న నార్మండీ తీరంలో దిగారు. మిగతా సైనికులకు అది పరాయి తీరం. వీళ్లకు మాత్రం సొంత గడ్డ.

ఇదండీ అక్నకేరీ కథ. ఇంకో ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం.